పొట్లం ఎవరి చేతిలో ఉంది?

(పాత ఫోటోల మీద ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా, చెప్పిందే చెప్పిన చోట్ల మాత్రం కాస్త కత్తిరించి రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసవాళ్ళకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించమ్మా, మైకులో గాలి హోరు కొడుతోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

నేను ముప్పై ఏళ్ళ పాటు పత్రికలో ఫోటో డెస్కు మీద పనిచేశాను. ఫోటోలు తీసినవాణ్ణి కాదు. ఎవరో ఎండనపడి తీసుకొచ్చినవాటిని చల్లగా కూర్చుని ఎంచడం, అంచులు కోయడం, కింద రెండు ముక్కల క్యాప్షన్ రాయడం నా ఉద్యోగం. అందువల్ల ఒక దురలవాటు అంటుకుంది. ఏ ఫోటో చూసినా ముందు మొహం చూడను. చేతులు చూస్తాను. ఆ తర్వాత అంచులు. మొహం అందరూ చూస్తారు కదా.

ఇవాళ నేను తెచ్చిన సరుకు న్యూయార్క్‌ది. 1900 నుంచి 1920 దాకా అనుకోండి. ఫిఫ్త్ అవెన్యూ కాలిబాట మీద పెద్దింటి ఆడవాళ్ళు నడుస్తుంటారు, కారు దిగుతుంటారు, దుకాణం గుమ్మంలోంచి బయటికొస్తుంటారు. కింద క్యాప్షన్, ‘షాపింగ్‌కు వచ్చిన ఫలానా శ్రీమతి’. పెద్ద టోపీ, మెడ చుట్టూ బొచ్చు, పాదాల దాకా గౌను. వెనకాల ఎప్పుడూ ఎవడో ఒకడు మసగ్గా తిరిగి చూస్తుంటాడు. ఈ తరహా ఫోటోలు వందల్లో చూశాను. చేతులు చూశానన్నాను కదా, ఆ చేతుల్లో ఏముంటుందంటే, గొడుగు ఉంటుంది. చలికాలమైతే రెండు చేతులూ దూర్చుకునే బొచ్చు తొడుగు. వేలికి వేలాడే చిన్న పర్సు. కొన్న సరుకు కనబడటం మాత్రం బహు అరుదు.

షాపింగ్ ఫోటో అంటాడు, పొట్లం ఏదీ?

నాకు ఇది మొదట్లో నిజంగానే అర్థం కాలేదు. మన దగ్గర పండక్కి బజారుకెళ్ళి వస్తున్నవాళ్ళని చూడండి, రెండు చేతులా సంచులు, చంకలో ఒకటి, పిల్లాడి మెడలో ఒకటి. వీళ్ళేమిటి, ఊరికే తిరిగొస్తున్నారా? కాదు. అక్కడి పెద్ద దుకాణాలు కొన్నవాటిని బండిలో ఇంటికి పంపేవి. దొరసానికి ఖాతా ఉంటుంది. చూస్తుంది, చూపుడు వేలుతో చూపిస్తుంది, వెళ్ళిపోతుంది. సాయంత్రానికి దుకాణం పేరు రాసున్న బండి గుమ్మం ముందు ఆగుతుంది. డబ్బు చేతులు మారదు, సరుకు చేతుల్లోకి రాదు. ఇంక బేరమంటారా, అది 1846లో ఏ.టి. స్టూవర్ట్ అనే ఆయన బ్రాడ్‌వే మీద పాలరాయి దుకాణం కట్టి, ఎవరికైనా ఒకే ధర అని నడిపించినప్పటి నుంచే ఆ పెద్ద కొట్లలో వెనకపట్టు పట్టింది. మన ఆడవాళ్ళకి బేరం లేని షాపింగ్ ఉప్పు లేని చారు. వాళ్ళకి అదే మర్యాద. (నవ్వులు)

అంటే ఆ ఫోటోల్లో మనం చూస్తున్నది కొనుగోలు కాదు. నడక. ఊరికే నడవడం కూడా కాదు, నలుగురూ చూస్తుండగా నడవడం. అప్పటిదాకా గొప్పింటి ఆడది మగతోడు లేకుండా నడివీధిలో కనిపిస్తే నలుగురూ నాలుగు మాటలనేవారు. పెద్ద దుకాణాలు వచ్చాక ఆమెకి బయటికి రావడానికి ఒక సాకు దొరికింది. లోపల టీ గదులుండేవి, విశ్రాంతి గదులుండేవి, పొద్దున వెళ్తే సాయంత్రం దాకా గడిచిపోయేది. మొదట ఈ సందడంతా పధ్నాలుగో వీధి నుంచి ఇరవై మూడో వీధి దాకా ఉండేది, ‘లేడీస్ మైల్’ అనేవాళ్ళు. తర్వాత దుకాణాలు ఉత్తరానికి జరిగాయి. 1906లో ఆల్ట్‌మన్ దుకాణం ఫిఫ్త్ అవెన్యూ, ముప్పై నాలుగో వీధి మూలకి వచ్చింది. 1914లో లార్డ్ అండ్ టేలర్ ముప్పై ఎనిమిదో వీధి దగ్గరికొచ్చింది. దుకాణాల వెంట ఆడవాళ్ళు, ఆడవాళ్ళ వెంట ఫోటోగ్రాఫర్లు. చెరువు ఎక్కడుంటే కొంగలు అక్కడే.

కొంగలంటే గుర్తొచ్చింది. ఆ టోపీలు చూడండి. 1886లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షుల పరిశోధకుడు రెండు సాయంత్రాలు న్యూయార్క్ షాపింగ్ వీధుల్లో తిరిగాడు. కొనడానికి కాదు, టోపీలు లెక్కపెట్టడానికి. 700 టోపీలు లెక్కపెడితే 542 టోపీల మీద పక్షుల ఈకలో, ఏకంగా పక్షులో ఉన్నాయి. 40 జాతులు గుర్తుపట్టాడట. అడవికి వెళ్ళకుండా కాలిబాట మీద నిలబడి పక్షుల్ని చూసిన మనిషి! ఈ పిచ్చి మనదాకా తగిలింది. మన తెల్లకొంగల ఈకలు కూడా ఆ మార్కెట్‌కి వెళ్ళేవి. 1902లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ఈకల ఎగుమతిని నిషేధించాల్సి వచ్చింది. ఈ ఫోటోల్లో ఎవరి తలమీదైనా తెల్లటి సన్నని కుచ్చు కనిపిస్తే, అది ఏ చెరువుగట్టు నుంచి వెళ్ళిందో అని నేను ఆలోచిస్తుంటాను. సరే, దారి తప్పాను.

ఇవి ఎవరు తీశారు? చాలావాటికి మూలం ఒక్క కంపెనీ. జార్జ్ గ్రాంథమ్ బెయిన్ అనే ఆయన 1898లో న్యూయార్క్‌లో పెట్టిన బెయిన్ న్యూస్ సర్వీస్. ఫోటోలు తీయించి పత్రికలకి సరఫరా చేసే తొలి ఏజెన్సీల్లో ఒకటి. 1908లో ఆఫీసు తగలబడి అంతకుముందువి చాలావరకు పోయాయి. మిగిలినవి 1948లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కొన్నది. సుమారు 40,000 గాజు నెగటివ్‌లు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఎవరైనా చూడొచ్చు, పైసా ఖర్చు లేదు.

ఆ గాజు పలకల మీద, అంచున, నెగటివ్‌లోనే చేత్తో రాసిన క్యాప్షన్ ఉంటుంది. ఫోటో వేసినప్పుడు తెల్లటి అక్షరాలుగా వస్తుంది. హడావుడి రాత. ఏదో ఇంటిపేరు, ఒక్కోసారి తేదీ, ఒక్కోసారి అదీ ఉండదు. ఆ రాత చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. అది నా ఉద్యోగం! సాయంత్రం బండి టైము దాటకముందే ఏదో ఒకటి గీకి పంపేయాలి, తప్పయితే రేపు చూసుకుందాం. లైబ్రరీవాళ్ళు కూడా నిజాయితీగా, ఈ పేర్లు బెయిన్ కంపెనీవాళ్ళు రాసినవే, మేము సరిచూడలేదు అని పక్కన రాసుకున్నారు.

కెమెరా సంగతి ఒక్క ముక్క. అప్పటి పత్రికల కెమెరాల్లో పేరున్నది గ్రాఫ్లెక్స్. పైన తోలు గొట్టం ఉంటుంది, అందులోకి తల వంచి చూడాలి. అంటే కెమెరా కంటి దగ్గర కాదు, పొట్ట దగ్గర ఉంటుంది. పొట్ట ఎత్తు నుంచి చూస్తే ఎదుటి మనిషి పొడుగ్గా, కాస్త పైనుంచి మనల్ని చూస్తున్నట్టు కనిపిస్తుంది. ఆ ఆడవాళ్ళలో కనిపించే దర్జాలో కొంత వాళ్ళది, కొంత పొట్ట మీది కెమెరాది. ఇంకో కారణం ఆ గౌన్లు. 1910 ప్రాంతంలో పారిస్ నుంచి హాబుల్ స్కర్ట్ అని ఒకటి దిగింది, మోకాళ్ళ కింద బిగించి కట్టేసినట్టుండేది. అడుగు తీసి అడుగు వేయడం కష్టం. 1912లో న్యూయార్క్ ట్రాము కంపెనీ మెట్టు లేని కొత్త బండ్లు దింపితే జనం వాటికి హాబుల్ స్కర్ట్ బండ్లనే పేరు పెట్టారు. ఫోటోగ్రాఫర్‌కి ఇంతకన్నా ఏం కావాలి? పరుగెత్తలేని మనిషి!

(నవ్వులు)

నవ్వారు గానీ, అసలు విషయం ఇక్కడే ఉంది. ఆమెని అడిగి తీశాడా?

ఇది అప్పుడే పెద్ద గొడవ. 1890 డిసెంబరులో హార్వర్డ్ న్యాయ పత్రికలో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు లాయర్లు గోప్యత హక్కు గురించి ఒక వ్యాసం రాశారు. ఆ వ్యాసం పుట్టడానికి కారణాల్లో ఈ చిటికెలో తీసే ఫోటోలూ, వాటిని అచ్చేసే పత్రికలూ ఉన్నాయి, ఆ మాట వాళ్ళే అందులో అన్నారు. 2017లో మన సుప్రీంకోర్టు, ఆధార్ మీద మొదలైన పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పినప్పుడు ఆ వ్యాసం దాకా వెనక్కి వెళ్ళింది. అంటే మన ఆధార్ తగాదాకి ఒక వేరు ఆ వీధి కెమెరాల కాలంలో ఉందన్నమాట.

ఈ రెంటికీ మధ్య ఒక పిట్టకథ ఉంది, కథ కాదు, జరిగిందే. న్యూయార్క్ రాష్ట్రంలో అబిగెయిల్ రాబర్సన్ అని ఒక చిన్నపిల్ల. ఆమె ఫోటో ఆమెకి తెలియకుండా ఒక గోధుమపిండి కంపెనీ ప్రకటన మీద అచ్చయింది. 25,000 కాపీలు! కొట్లలో, గిడ్డంగుల్లో, సారా దుకాణాల్లో గోడలకి అంటించారు. తెలిసినవాళ్ళు గుర్తుపట్టి ఎగతాళి చేస్తే పిల్ల మంచం పట్టింది. కోర్టుకెళ్ళారు. 1902లో రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు అయి, అలాంటి హక్కేదీ చట్టంలో లేదు పొమ్మంది. తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి ఆల్టన్ పార్కర్. జనం భగ్గుమన్నారు. మరుసటి ఏడాది, 1903లో, రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరి పేరుగానీ బొమ్మగానీ ప్రకటనకీ వ్యాపారానికీ వాడకూడదని చట్టం తెచ్చారు.

ఇప్పుడు చూడండి తమాషా. 1904లో అదే పార్కర్ గారు థియోడర్ రూజ్‌వెల్ట్ మీద డెమొక్రటిక్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడ్డారు. ఎటు తిరిగినా కెమెరాలే. ఆయనకి విసుగొచ్చి, మనిషి జేబుల్లో చేతులు పెట్టుకుని హాయిగా కూర్చునే హక్కు కూడా లేదా అన్నట్టు మాట్లాడారు. వెంటనే అబిగెయిల్ ఆయనకి బహిరంగ లేఖ రాసింది. అయ్యా, అలాంటి హక్కు లేదని నాకు చెప్పింది తమరే కదా అని! పత్రికలో అచ్చయింది. నా సర్వీసులో ఇంత మంచి పాఠకుల లేఖ ఒక్కటి రాలేదు.

అయితే ఆ 1903 చట్టం ప్రకటనలకీ వ్యాపారానికీ గానీ వార్తలకి కాదు. బెయిన్ మనుషులు తీసేది వార్త. దొరసాని దుకాణానికి రావడం వార్త ఎట్లా అవుతుందని అడక్కండి. పాఠకుడు చూస్తాడు కాబట్టి అవుతుంది. నేను కూడా అదే జవాబుతో ముప్పై ఏళ్ళు జీతం తీసుకున్నాను.

మరి ఆ పాఠకుడు ఏం చూడాలనుకున్నాడు? న్యూయార్క్‌లో ‘నాలుగొందల మంది’ అని ఒక మాట ఉండేది. ఆస్టర్ దొరసాని ఇంటి విందులకి పిలుపు అందుకోదగ్గవాళ్ళు ఊరు మొత్తం మీద నాలుగొందల మందేనని వార్డ్ మెకాలిస్టర్ అనే పెద్దమనిషి తేల్చాడు. 1892లో పేర్లు బయటపెడితే తీరా నాలుగొందలు కూడా లేవు. ఆ విందుల్లోకి పాఠకుడు ఎలాగూ వెళ్ళలేడు. కానీ ఆ మనుషులే కాలిబాట మీదికి వస్తే? కాలిబాట అందరిదీ. అక్కడ ఫోటో తీస్తే ఆపేవాడు లేడు.

వాళ్ళలో కొందరికి ఇది ఇష్టమేనని నా అనుమానం. ఫోటోల్లో కొన్నిట్లో చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకునేవాళ్ళుంటారు, కొన్నిట్లో గొడుగు సరిగ్గా వెలుతురు పడేలా పట్టుకునేవాళ్ళుంటారు. రెండోవాళ్ళకి తెలుసు. డెస్కు మీద కూర్చుంటే ఆ తేడా రెండు నెలల్లో తెలిసిపోతుంది.

పారిస్‌లో ఇది మరీ ముదిరింది. అక్కడ 1909 నుంచి సీబెర్జర్ సోదరులని ముగ్గురు, గుర్రప్పందేల దగ్గరా విహార స్థలాల్లోనూ షోకైన ఆడవాళ్ళని తీసి ఫ్యాషన్ పత్రికలకిచ్చేవారు. చూస్తే అందరూ జమీందారిణుల్లాగే ఉంటారు. కానీ వాళ్ళలో కొందరు పెద్ద పెద్ద దర్జీ కంపెనీలు కొత్త గౌన్లు తొడిగి పంపిన జీతగత్తెలు! సాయంత్రం గౌను తిరిగి ఇచ్చేయాలి. 1911 జనవరిలో బ్వా ద బులోన్ దారిలో పదహారేళ్ళ కుర్రాడు జాక్ ఆన్రీ లార్తీగ్ తీసిన ఫోటో మీలో కొందరు చూసే ఉంటారు. నల్లటి బొచ్చు కోటు, రెండు కుక్కపిల్లలు, వెనకాల ఒక గుర్రబ్బండీ ఒక కారూ. పాత కాలం దొరసాని అనగానే చాలామందికి ఆ బొమ్మే గుర్తొస్తుంది. ఆమె ఏ దొర భార్యా కాదు, మన పాత మాటలో చెప్పాలంటే భోగస్త్రీ. ఫోటోకి ఆ సంగతి తెలీదు. బొచ్చుకోటు ఎవరి మీదున్నా ఒకేలా మెరుస్తుంది.

లండన్‌లో ఇందుకు తలకిందుల వ్యవహారం. పంచ్ అనే హాస్య పత్రికలో పెద్ద కార్టూనిస్టు లిన్లీ సాంబోర్న్, అరవై దాటిన పెద్దమనిషి, 1905 తర్వాత కెమెరా కనబడకుండా పెట్టుకుని కెన్సింగ్టన్ వీధుల్లో నడిచిపోయే ఆడవాళ్ళని తీసేవాడు. వాళ్ళకి తెలియదు. అందులో కొట్లలో పనిచేసే అమ్మాయిలున్నారు, పుస్తకం చదువుకుంటూ నడిచే పిల్లలున్నారు. చూడముచ్చటగా ఉంటాయి, చూస్తున్నందుకు నాకు ఇబ్బందిగానూ ఉంటుంది. రెండూ నిజమే.

మళ్ళీ క్యాప్షన్ దగ్గరికి వస్తాను. బెయిన్ పలకల మీద పెళ్ళయిన ఆడవాళ్ళకి సొంత పేరు చాలాసార్లు ఉండదు. శ్రీమతి అని రాసి భర్త పేరు. ఆయన పోయినా ఆ పేరే. ఊరంతా గుర్తుపట్టే మనిషికి పేరు లేదు, మొగుడి పేరుంది. ఇప్పుడు ఈ ఫోటోలు లైబ్రరీవాళ్ళు 2008 నుంచి ఫ్లికర్ అనే ఫోటోల వెబ్‌సైట్‌లో పెడుతుంటే, ఎక్కడెక్కడివాళ్ళో పాత పత్రికలు తిరగేసి, ఈవిడ అసలు పేరు ఇదీ, ఈ తేదీ తప్పు అని ఒక్కొక్కటే దిద్దుతున్నారు. ఇక పక్కన కారు తలుపు పట్టుకున్నవాడి పేరంటారా, అది రాయాలన్న ఆలోచనే రాలేదు కాబట్టి దిద్దడానికి కూడా ఏమీ లేదు. నేను మాత్రం ఏం చేశాను? మంత్రి గారి పక్కన గొడుగు పట్టుకున్నవాణ్ణి ఎన్నిసార్లు కోసేశానో!

మన వైపు ఇలాంటి ఫోటోలు ఎందుకు లేవని ఇందాక టీ దగ్గర ఒక మాస్టారు అడిగారు. హైదరాబాద్‌లో గొప్ప ఫోటోగ్రాఫర్ లేక కాదు. రాజా దీన్‌దయాళ్ ఉన్నాడు, ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు. 1892లో ఆయన పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు, కెమెరా వెనక కూడా ఒక ఇంగ్లీషు ఆవిడే ఉండేది. అంటే పెద్దింటి ఆడవాళ్ళు ఫోటో దిగారు. వీధిలో దిగలేదు, అంతే. అసలు వాళ్ళు బజారుకి వెళ్ళే పనే లేదు, బజారే దేవిడీకి వచ్చేది. ఆరవ నిజాం దగ్గర పనిచేసి, పేరున్న దుకాణం పెట్టిన ఆల్బర్ట్ ఆబిద్ ఉన్నాడే, దుకాణం ఎప్పుడో పోయినా ఆబిడ్స్ అనే పేరు ఊళ్ళో మిగిలింది. ఆ గుమ్మం ముందు పొట్ట మీద కెమెరా పెట్టుకుని ఎవరైనా నిలబడి ఉంటే ఎంత బాగుండేదో అని నాకొక అత్యాశ.

మా అమ్మమ్మది గోదావరి జిల్లా. పెద్ద జమీ ఏమీ కాదు, నాలుగెకరాల ఇల్లు. ఆవిడ కూడా జన్మలో బట్టల కొట్టు మెట్టెక్కలేదు. బట్టల మూట భుజాన వేసుకుని మనిషి వీధరుగు మీదికి వచ్చేవాడు. ఆవిడ తలుపు చాటున నిలబడి, ఆ నీలందానికి అంచు బాగాలేదు నాయనా అనేది. గంటసేపు బేరం. చివరికి తాతయ్య పేరున పద్దు. నాకు మొహం గుర్తున్నది ఆ మూటాయనదే, అమ్మమ్మ గొంతు మాత్రమే గుర్తుంది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఏమన్నా అడగాలంటే... ఆ, చెప్పమ్మా, ఆకుపచ్చ చుడీదారు.

(ప్రశ్న: మీరు మొదట అడిగిన పొట్లం సంగతి. అది మోసినవాళ్ళ ఫోటోలు అసలు ఎవరూ తీయలేదా?)

తీశారమ్మా. మంచి ప్రశ్న వేశావు, నేను ఆ ఒక్క ఫోటో దాచుకున్నాను కూడా. బాబూ, చివరిది వెయ్యి.

అదే న్యూయార్క్‌లో, అవే ఏళ్ళలో లూయిస్ హైన్ అనే ఆయన పనిచేసే పిల్లల ఫోటోలు తీశాడు, బాల కార్మికుల మీద పోరాడే కమిటీ కోసం. ఆయన క్యాప్షన్లు నాలాంటివాడు సిగ్గుపడేలా ఉంటాయి. దొరికినంతవరకు పేరు, వయసు, ఎన్ని గంటల పని, వారానికి ఎంత కూలి, అన్నీ రాసుకునేవాడు. ఇది 1912ది. ఇళ్ళలో కూర్చుని కుట్టిన బట్టలు కంపెనీకి తిరిగి ఇచ్చేయడానికి తీసుకెళ్తున్న పిల్ల. ఇంట్లో వేసుకునే వదులు గౌన్లని అప్పుడు కిమోనోలనేవాళ్ళు. అదుగో, మీరు అడిగిన పొట్లం.

ఈ పిల్లకి కూడా పేరు లేదు. హైన్ అడిగే ఉంటాడు. క్యాప్షన్ చదువుతాను వినండి: ‘ఇప్పుడే కుట్టి ముగించిన కిమోనోల మోపు. పిల్ల నోరు విప్పలేదు. థాంప్సన్ వీధి, న్యూయార్క్.’

మ్యాపు తీసి చూశాను. థాంప్సన్ వీధి ఉత్తరంగా వెళ్ళి వాషింగ్టన్ స్క్వేర్ దక్షిణపు అంచున ఆగిపోతుంది. ఆ పార్కు దాటి ఉత్తరపు అంచుకి నడిస్తే, ఫిఫ్త్ అవెన్యూ అక్కడ మొదలవుతుంది.